ఒంటిమీసం

మార్చి 2, ఆదివారం

తొట్టె వచ్చింది. హాల్లో కిటికీకి దూరంగా, లోపలి గోడకు ఆనించి పెట్టించాను. ఎండ తగిలితే పాచి పడుతుందట. మరీ పెద్దదేం కాదు, మా సోఫాలో సగం ఉంటుంది. మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "సెలవంతా ఇందులోనే పడుకుంటారా ఏంటి?" అంది.

సెలవు సంగతి కూడా రాయాలి కాబోలు. రాసుకోమన్న డాక్టరు ఎలాగూ దీన్ని చదవడు. బీమా ఆఫీసులో నష్టాల విచారణ నా పని. ఏది కాలినా, మునిగినా, గుద్దుకున్నా వెళ్ళి చూసి తప్పెవరిదో తేల్చాలి. పోయిన నెల మేనేజరు నా రిపోర్టు తిప్పి పంపాడని ఆయన బల్ల మీదివన్నీ కింద పడేశాను. అన్నీ కాదు. ఒక ఫోను, ఒక కప్పు. బీపీ తగ్గేదాకా ఇంట్లో ఉండమన్నారు. చేపల్ని పెంచుకో, మనసులో ఉన్నది రాసుకో అన్నాడు డాక్టరు. మామూలు చేపలు అందరిళ్ళలోనూ ఉంటాయి. పెంచితే సముద్రం చేపలే పెంచుతానని పట్టుబట్టాను.

మామగారు పోయినప్పటి నుంచీ అత్తగారు మా దగ్గరే ఉంటున్నారు. "సముద్రాన్నే ఇంటికి తెస్తున్నారుగా అల్లుడుగారూ, అలలు కూడా వస్తాయా?" అన్నారు. వస్తాయండీ, దానికో మోటారు ఉందన్నాను. కాస్త గొప్పగానే అని ఉంటాను.

మార్చి 6

ఉప్పు కలిపాను. వంటింటి ఉప్పు పనికిరాదు, దీనికి వేరే పొడి అమ్ముతారు. శుద్ధి చేసిన నీళ్ళలో కొంచెం కొంచెంగా వేసి మోటారుతో తిప్పి, ఉప్పు ఎంతుందో కొలిచి చూడాలి. ఎక్కువైంది. నీళ్ళు పోశాను. తక్కువైంది. ఉప్పు వేశాను. మళ్ళీ ఎక్కువైంది.

"కూరలో ఉప్పు ఎక్కువైతే నేనూ ఇంతే చేస్తాను. చివరికి కూర రెండు రోజులకు సరిపోతుంది," అన్నారు అత్తగారు వంటింట్లోంచి. మా ఆవిడ పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రాళ్ళు కూడా పేర్చాను. వెనకవైపు చిన్న గుహలా వచ్చింది. అది మాత్రం బాగా కుదిరింది.

మార్చి 10

నీళ్ళు. ఉత్త నీళ్ళు.

మార్చి 23

చేపల్ని ఇప్పుడే వెయ్యకూడదు. మురికిని తినే సూక్ష్మజీవులు ముందు రాళ్ళలో పెరగాలి. లేకపోతే చేపలు తమ మురికితో తామే చస్తాయి. రోజూ కాసిన్ని నీళ్ళు సీసాలోకి తీసి, మందు చుక్కలు వేసి రంగు చూస్తున్నాను. పసుపు రావాలి. ఇంకా ఆకుపచ్చే వస్తోంది.

"ఇల్లు కట్టారు, దీపం పెట్టారు, అద్దెకు మాత్రం ఎవరినీ రానివ్వరు," అంటారు అత్తగారు. అంటూనే పొద్దున్నే కాఫీ గ్లాసుతో కుర్చీ లాక్కుని ఖాళీ తొట్టె ముందు కూర్చుంటారు. నేనూ కూర్చుంటాను. కీళ్ళ నొప్పులకని ఆవిడ కుడిచేతికి రాగి కడియం ఉంటుంది, దాన్ని తిప్పుకుంటూ నీళ్ళకేసి చూస్తారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం ఇలా పక్కపక్కన కూర్చున్నది లేదు. ఒకరకంగా బాగానే ఉంది.

ఏప్రిల్ 6

పసుపు వచ్చింది! పరుగున చేపల కొట్టుకు వెళ్ళాను. నారింజ రంగు మీద తెల్లచారల చేపలు రెండు తెచ్చాను, కొట్టాయన వాటిని జోకరు చేపలంటాడు. గాజుకు పట్టిన పాచి తినడానికి మూడు నత్తలు. ఒక రొయ్య. ఎర్రటి వీపు మీద నిలువునా తెల్లచార, ఒంటికంటే పొడుగు తెల్లమీసాలు. చేపల ఒంటి మీది మురికిని ఏరి తింటుందట.

వాటిని తెచ్చిన సంచుల్ని నీళ్ళలో తేలనిచ్చి, తొట్టె నీళ్ళు సన్నటి గొట్టంతో చుక్క చుక్కగా వాటిలోకి వదిలాను. ఒక్కసారిగా నీళ్ళు మారితే తట్టుకోలేవు. అత్తగారు పక్కనే కూర్చుని, "మెల్లగా, మెల్లగా," అంటూనే ఉన్నారు, నేనేదో విసిరేస్తున్నట్టు.

రొయ్యకు ఒక మీసం సగానికి విరిగిపోయి ఉంది. కొట్లో చూసుకోలేదు. తిరిగి ఇచ్చేద్దామన్నాను. "విరిగితే ఏం బాబూ, ఉండనివ్వండి," అన్నారు అత్తగారు. అప్పటికప్పుడు ఒంటిమీసం అని పేరు కూడా పెట్టేశారు.

ఏప్రిల్ 11

తొట్టెలో పడిన ఒక ఆకు తీద్దామని అత్తగారు చెయ్యి పెడితే, ఒంటిమీసం గుహలోంచి చకచకా వచ్చి ఆవిడ చేతి మీదికెక్కింది. గోళ్ళ సందుల్లో ఏరుకుని తినడం మొదలుపెట్టింది. ఆవిడ చిన్నపిల్లలా కేకలు. "అమ్మాయ్, చూడవే! నా గోళ్ళు తీస్తోందే!" మా ఆవిడ ఆఫీసుకు ఆలస్యమైనా అక్కడే నిలబడి చూసింది.

ఏప్రిల్ 12

నేనూ చెయ్యి పెట్టాను. గుహలోకి పోయింది.

ఏప్రిల్ 15

మళ్ళీ పెట్టాను. సబ్బు వాసన ఉండకూడదని ఉత్త నీళ్ళతోనే కడుక్కున్నాను. రాలేదు. అత్తగారు వచ్చి కూర్చోగానే గాజు దగ్గరకొచ్చి మీసాలు ఊపుతోంది. తెచ్చింది నేను. నీళ్ళు కలిపింది నేను. రొయ్య గురించి ఇంత రాయడమేంటి, నాకు బుద్ధి లేదు.

ఏప్రిల్ 20

పుస్తకంలో చదివాను. రాగి చేపలకంటే ముందు రొయ్యల్ని, నత్తల్ని చంపేస్తుందట. కొంచెం కరిగినా చాలట. అత్తగారి కడియం గురించి చెప్పాలి.

ఏప్రిల్ 22

కడియం సంగతి చెప్పాననుకుంటాను.

ఏప్రిల్ 27, ఆదివారం

ఒంటిమీసం చచ్చిపోయింది.

పొద్దున ఇసుక మీద వెల్లకిలా పడి ఉంది. వలతో తీశాను. ఎంత తేలిగ్గా ఉందో, ఒంట్లో ఏమీ మిగలనట్టు. లోపలంతా గాజులా ఉంది. రాగి విషం అంతా తినేసి ఉంటుంది. మాత్రల సీసా ఖాళీ చేసి అందులో పెట్టాను. విరిగిన మీసంతో సహా.

మధ్యాహ్నం భోజనానికి మరదలు, తోడల్లుడు వచ్చారు. మరదలికి నెలలు నిండుతున్నాయి. అత్తగారిని పురుటికి తనతో తీసుకెళ్దామని వచ్చింది. అందరూ తింటూ ఉండగా సీసా తెచ్చి బల్ల మీద పెట్టాను. రాగి, కడియం, రోజూ చెయ్యి పెట్టడం, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వివరించాను. ఆఫీసులో రిపోర్టు చదివినట్టే.

"నత్తలకేం కాలేదే?" అంది మా ఆవిడ.

నత్తలు గట్టివన్నాను.

"నాకు తెలీదు బాబూ. తెలిస్తే తీసేసేదాన్ని కదా," అన్నారు అత్తగారు.

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. "మీరు చెయ్యి పెట్టిందల్లా ఇంతే," అన్నాను.

మంచంలో ఉన్న మామగారికి చివరిదాకా మందు పట్టిన చేతులవి. ఆ సంగతి నోరు జారాక గుర్తొచ్చింది. అత్తగారు కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. సగం అన్నం అలాగే ఉండిపోయింది.

ఏప్రిల్ 28

మరదలితో వెళ్ళిపోయారు. పురుటికి ఎలాగూ వెళ్ళాల్సిందే కదా. కడియం తీసి తొట్టె పక్కన బల్ల మీద పెట్టి వెళ్ళారు. మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. కాఫీ మాత్రం ఇస్తోంది.

నేనన్న దాంట్లో అబద్ధం లేదు. అన్న తీరు బాగాలేదు, అంతే.

ఏప్రిల్ 30

రాయాలి. రాయకపోతే నేనే నమ్మను.

చేపలకు మేత వేస్తుంటే గుహలోంచి ఒక తెల్లమీసం బయటికొచ్చింది. తర్వాత రెండోది. తర్వాత రొయ్య. కొత్త బట్టలు కట్టుకున్నట్టు నిగనిగలాడుతూ.

సీసా తెచ్చి వెలుతురులో పట్టుకుని చూశాను. చచ్చిన రొయ్య కాదు, పొట్టు. ఉత్త పొట్టు. పుస్తకం తీశాను. పెరగాలంటే రొయ్య పాత పొట్టు విడుస్తుందట. కొత్త ఒళ్ళు గట్టిపడేదాకా దాక్కుంటుందట. విరిగినవి మళ్ళీ మొలుస్తాయట. రాగి గురించి చదివిన చోటుకు రెండు పేజీల ముందే ఉంది. నాకు కావాల్సింది దొరకగానే పుస్తకం మూసేశాను.

ఆఫీసులో మా కుర్రవాళ్ళు ఎవరైనా ఇలాంటి రిపోర్టు తెస్తే మొహాన కొట్టేవాణ్ణి. నత్తలు బతికే ఉన్నాయి. శవం తేలిగ్గా ఉంది. కడియం సంగతి చెప్పానా? చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా నాకు తెలుసు. రొయ్య ఆవిడ దగ్గరికి వెళ్తోందని. నలభై ఆరేళ్ళ వాణ్ణి.

సాయంత్రం మా ఆవిడ వచ్చేలోపు తొట్టె మీద తువ్వాలు కప్పాను.

మే 1

"చేపలకేమైంది?" అంది మా ఆవిడ. కొన్నాళ్ళు వెలుతురు తగలకూడదన్నాను. సరేనంది. నాతో అన్న మొదటి మాట అదే, దానికి నేనిచ్చిన జవాబు ఇది.

మే 5

మా ఆవిడ ఆఫీసుకు వెళ్ళాక తువ్వాలు తీస్తాను. వచ్చే వేళకు కప్పేస్తాను. సొంత ఇంట్లో దొంగలా బతుకుతున్నాను. రొయ్యకు ఇవేమీ పట్టవు. తువ్వాలు తీయగానే గాజు దగ్గరకొచ్చి మీసాలు ఊపుతుంది.

ఈ రోజు చెయ్యి పెడితే ఎక్కింది. నా గోళ్ళు కూడా తీసింది. కావాలనుకున్నది ఇదే కదా. చెయ్యి బయటికి లాగేసుకున్నాను.

మే 9

మరదలికి ఆడపిల్ల. అందరూ బాగున్నారు.

మే 13

మా ఆవిడ పిల్లను చూసొచ్చి, వంటింట్లో నిలబడి నా వైపు చూడకుండా చెప్పింది. "అమ్మ పిల్లను ముట్టుకోవడం లేదు. నీళ్ళు పోయమంటే చెల్లి అత్తగారినే పోయమంటోంది. ఎత్తుకోమంటే నడుం నొప్పంటోంది. గట్టిగా అడిగితే ఏమందో తెలుసా? నా చెయ్యి మంచిది కాదే, పసిదాని మీద ఎందుకు, అంది."

నేను నీళ్ళు తాగుతున్నాను. తాగుతూనే ఉన్నాను.

"మీరన్న మాటే," అని వెళ్ళిపోయింది.

మే 14

సాయంత్రం చెప్పేస్తాను.

మే 15

చెప్పలేదు. తలనొప్పిగా ఉంది.

మే 17

చెప్పాను. కానీ ఏం చెప్పాను? "కొత్త రొయ్య తెచ్చాను," అన్నాను. తువ్వాలు తీసి చూపించాను. దీనికి రెండు మీసాలూ ఉన్నాయి, ఒకటి కాస్త పొట్టిగా ఉన్నా ఉంది. ఎవరు చూసినా వేరే రొయ్యే అనుకుంటారు. నన్ను పట్టివ్వగలిగిన ఒక్క ఆనవాలూ దానంతటదే మొలిచి కూర్చుంది.

మా ఆవిడ మొహం విప్పారింది. "మంచి పని చేశారు. అమ్మకు ఇప్పుడే చెబుతాను," అని ఫోన్ తీసింది. అత్తగారు ఫోన్లో నాతో కూడా మాట్లాడారు. "పోనీలెండి బాబూ, తొట్టె బోసిపోకుండా తెచ్చారు. ఈసారి నేను దాని దగ్గరికి రానులెండి," అన్నారు.

పూర్తి అబద్ధం కంటే సగం నిజం మేలనుకున్నాను. ఇందులో సగం కూడా లేదు.

మే 30

మిగిలిన చీరలు, మందులు తీసుకెళ్ళడానికి అత్తగారు వచ్చారు. రెండు రోజులుంటారు. తొట్టెకు ఆ చివర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చేతులు రెండూ పైటకొంగు కింద దాచుకున్నారు. రొయ్య ఆవిడ వైపుకొచ్చి, గాజుకు ఆనుకుని మీసాలు ఊపడం మొదలుపెట్టింది.

"అచ్చం దానిలాగే ఉంది. ఇది కూడా మనుషుల్ని మరుగుతుందేమో, జాగ్రత్త," అన్నారు.

మణికట్టు మీద కడియం ఉన్నచోట తెల్లటి మచ్చ కనిపిస్తోంది. నొప్పి ఎలా ఉందని అడిగాను. ఉందన్నారు. కడియం పెట్టుకోండి అన్నాను. "వద్దులెండి," అన్నారు.

రేపు తప్పకుండా చెబుతాను.

జూన్ 1, ఆదివారం

పొద్దున్నే అత్తగారి కేక వినిపించింది. హాల్లోకి వెళ్ళేసరికి గోడకు అతుక్కుపోయినట్టు నిలబడి ఉన్నారు. తొట్టెలో ఇసుక మీద వెల్లకిలా పొట్టు.

"నేను కాదు బాబూ! నేను దగ్గరికి కూడా రాలేదు. కుర్చీ కూడా దూరంగానే వేసుకున్నాను. చూడండి, తడి కూడా లేదు చూడండి," అంటూ రెండు చేతులూ చాపి, అరచేతులు ఇటూ అటూ తిప్పి చూపిస్తున్నారు.

నా ముందు ఇలా చేతులు చాపి నేను కాదన్నవాళ్ళను చాలామందిని చూశాను. రాసుకుని ఇంటికొచ్చి అన్నం తిన్నాను. ఈ రోజు అలా నా వల్ల కాలేదు.

"చావలేదత్తయ్యా. అది పొట్టు. రొయ్య పొట్టు విడిచింది, అంతే. లోపల గుహలో ఉంది," అన్నాను.

మా ఆవిడ తల దువ్వుకుంటూ వచ్చింది. "మీకెలా తెలుసు?"

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. నేనేం చేశాను? పొట్టును వలతో తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, అప్పుడే కళ్ళు తెరుచుకున్నవాడిలా, "అరె! లోపల ఏమీ లేదు చూడు. అంటే... అంటే అప్పుడు కూడా పొట్టేనేమో!" అన్నాను. ఎంత బాగా అన్నానో. ఆ గొంతు నాదేనా అనిపించింది.

అత్తగారు చేతులు దించారు. "అంటే మన ఒంటిమీసం చచ్చిపోలేదా?"

"లేదత్తయ్యా."

"నా చేతి వల్ల కాదా?"

"కాదత్తయ్యా."

ఆవిడ నవ్వారు, ఏడ్చారు, కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ నవ్వారు. మా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. నెల దాటిన తర్వాత. గండం గడిచిందనుకున్నాను. సిగ్గు లేకుండా సంతోషించాను కూడా.

అప్పుడు అత్తగారు టార్చి తెచ్చారు.

"అయితే రెండుండాలి కదా బాబూ? పాతదొకటి, మీరు తెచ్చిన కొత్తదొకటి. మరి మన ఒంటిమీసం ఏది?" తొట్టె ముందు కూలబడి, రాళ్ళ సందుల్లోకి టార్చి వేసి వెతుకుతున్నారు. "ఆ వెనక ఉందేమో. ఇన్నాళ్ళూ తిండి ఏం తిన్నదో పాపం. ఇదుగో ఒకటి కనిపించింది. ఇది కొత్తది. రెండోది రానీ, రానీ..." మోకాళ్ళ నొప్పి మర్చిపోయి ఇటు నుంచి అటు జరుగుతున్నారు. "ఒంటిమీసం! రావే!"

మా ఆవిడ తొట్టె వైపు చూడటం లేదు. నా వైపే చూస్తోంది. నా భుజం మీది చెయ్యి ఎప్పుడు తీసిందో తెలియదు.

లెక్క ఎంత సులువు. ఒకటీ ఒకటీ రెండు. ఇంకా వెతకనిద్దామా అనుకున్నాను, రెండోది ఎక్కడో చచ్చిపోయి ఉంటుందని చెబుదామా అనుకున్నాను. అవును, అది కూడా అనుకున్నాను. చెబితే ఒంటిమీసం రెండోసారి చచ్చేది. అత్తగారు అంత ఆశగా పిలుస్తుంటే నోరు రాలేదు.

"రెండు లేవత్తయ్యా. ఒకటే. కొత్తది నేను తేలేదు."

ఆవిడ వెనక్కి తిరగలేదు.

"అదే ఒంటిమీసం. మీరు వెళ్ళిన రెండు రోజులకే బయటికొచ్చింది. అప్పుడే తెలిసింది నాకు. తువ్వాలు కప్పి దాచాను. కడియం సంగతి మీకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. అది మీ దగ్గరికే వస్తోందని కడుపుమంటతో చెప్పలేదు."

"రెండు రోజులకే," అన్నారు అత్తగారు. టార్చి ఆర్పారు. తన చేతులకేసి చూసుకున్నారు, ముందూ వెనకా, ఎవరివో అన్నట్టు. లేచి నిలబడటానికి మా ఆవిడ సాయం వెళ్ళింది. నేనూ చెయ్యి చాపాను. పట్టుకోలేదు.

"చెల్లికి ఫోన్ చెయ్యవే," అన్నారు కూతురితో. "ఇప్పుడే బయల్దేరుతున్నానని చెప్పు. నీళ్ళు కాచి ఉంచమను. పిల్లకు నేను పోస్తాను."

బల్ల మీది కడియం తీసుకుని తొడుక్కున్నారు. ట్యాక్సీ వచ్చాక గేటు దాకా పరిగెత్తి, "తప్పయిపోయింది అత్తయ్యా," అన్నాను. చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయాను.

నా కాళ్ళకేసి చూశారు. "కాలుతుంది. లోపలికి వెళ్ళండి," అన్నారు.

జూన్ 2

తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 5

మా ఆవిడ మాట్లాడింది. "మీరు మా అమ్మను అన్నందుకు కాదు. అందరం ఎప్పుడో ఒకప్పుడు నోరు జారతాం. అది బతికుందని తెలిశాక కూడా, అమ్మ పిల్లను ముట్టుకోవడం లేదని నేను చెప్పాక కూడా, నీళ్ళు తాగుతూ నిలబడ్డారు చూడండి, అందుకు." అనేసి ఆఫీసుకు వెళ్ళిపోయింది.

జూన్ 11

ఆఫీసుకు వెళ్ళి మేనేజరును కలిశాను. ఆయన తిప్పి పంపిన రిపోర్టు ఇన్నాళ్ళకు మళ్ళీ చదివాను. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న, తప్పు వాళ్ళదేనని ఎలా తేల్చారని. అడగాల్సిన ప్రశ్నే.

జూన్ 22, ఆదివారం

అత్తగారు వచ్చారు. మరదలు, పసిపిల్ల కూడా. పిల్లను అత్తగారే ఎత్తుకుని దిగారు, ఇంకెవరికీ ఇవ్వలేదు. నాకూ ఇవ్వలేదు. నేనడగలేదు.

లోపలికొచ్చి పిల్లను మా ఆవిడ ఒళ్ళో పెట్టి, తిన్నగా తొట్టె దగ్గరికి వెళ్ళారు. పాత చోటికే కుర్చీ లాక్కున్నారు. ఒంటిమీసం అప్పటికే గాజు దగ్గర ఉంది. ఆవిడ చెయ్యి ఎత్తి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, కడియం తీశారు. తల తిప్పకుండానే దాన్ని వెనక్కి, నా వైపు చాపారు.

"పట్టుకోండి," అన్నారు.

అందుకున్నాను. ఆవిడ చెయ్యి నీళ్ళలో పెట్టారు. రొయ్య ఎక్కి, ఒక్కో గోరూ ఓపిగ్గా శుభ్రం చేయడం మొదలుపెట్టింది. మా ఆవిడ పిల్లకు చూపిస్తోంది, పిల్ల ఎటో చూస్తోంది. కడియం ఇంకా వెచ్చగా ఉంది. బల్ల మీద పెట్టొచ్చు, పెట్టలేదు. ఆవిడ మళ్ళీ అడిగేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను.